కుట్టేసిన ఆఖరి అధ్యాయం

గొడుగుల గది,
వానలు మొదలైన రెండో వారం

పిచ్చుకా,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, మా గది మేస్త్రి నడుము తప్ప. దాని సంగతి ఆయన రోజూ అందరికీ చెబుతూనే ఉన్నాడు కాబట్టి నేను మళ్ళీ రాయనక్కర్లేదు. నీ ఒంట్లో ఎలా ఉందో రాయి. ఇంత దానికి ఉత్తరం ఎందుకు, ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో అయితే రెండు మాటలకే "బెల్లు కొట్టారక్కా" అని పెట్టేస్తావు. ఉత్తరంలో తప్పించుకోలేవు. అడిగినదానికి జవాబు రాయాల్సిందే.

మా గదిలో చదివే మనిషికి కళ్ళకు పొర వచ్చి చదవడం మానేసింది. నీకు ఇంతకుముందు చెప్పానో లేదో, మాది చేతిపని, చప్పుడుండదు. గొడుగు ఊచల చివర్లకి బట్ట అంచు కుట్టుకుంటూ పోవడమే. అందుకని ముప్పై మందిలో ఒకరు పైకి పుస్తకం చదువుతారు, తక్కినవాళ్ళు కుడుతూ వింటారు. చదివేవాళ్ళ వాటా గొడుగులు తలా ఒకటి కుట్టి పెడతారు. ఈసారి అందరూ చేతులెత్తి నన్ను ఎన్నుకున్నారు. నా గొంతు పెద్దదని అన్నారు. నోరు పెద్దదనడానికి మొహమాటపడ్డారని నాకు తెలుసు.

ఒకటే షరతు. చదివే మనిషి ముందుగా చదివి రాకూడదు. పాతావిడ ఇంట్లో కూర్చుని ముందే చదివేసుకునేదట, కథలో ఎవరికి ఏమవుతుందో ఆవిడ గొంతులోనే తెలిసిపోయేదట. అందుకని పుస్తకం గదిలోని అల్మరాలోనే ఉంటుంది, తాళం చెవి మాలో అందరికంటే పెద్దావిడ కొంగున ఉంటుంది.

ఏ పుస్తకం తీసుకెళ్ళానో చెప్పుకో చూద్దాం. మన "మడత పెట్టిన నది". చిన్నప్పుడు అమ్మ చదివి వినిపించిందని ఒప్పుకున్నాను. కానీ ఆఖరి అధ్యాయం నాకూ తెలియదు అన్నాను. అయితే సరే అన్నారు.

"పొద్దున్న లేచి చూస్తే ఊళ్ళో నది లేదు" అన్న మొదటి వాక్యానికే ఒకావిడ వేలికి సూది గుచ్చుకుంది. ప్రవహించేవంటే గిట్టని మడతల దొర నదిని దుప్పటిలా మడిచి బీరువాలో పెట్టుకున్నాడని, పడవ నడిపే ఆవిడ కూతురు దాన్ని వెతుకుతూ బయల్దేరిందని, నీళ్ళు లేవు కాబట్టి పడవ తెడ్ల మీద నడుచుకుంటూ ఆ పిల్ల వెంట పడిందని చదివేసరికి గదిలో ఉన్న గుసగుసలన్నీ ఆగిపోయాయి.

ఇప్పుడు అసలు విషయం. వానలు తగ్గగానే మా గదికి కుట్టుమిషన్లు వస్తున్నాయి. అన్నీ ఒక్కసారి తిరిగితే పక్కన కూర్చున్న మనిషి పిలిచినా వినపడదు. అంటే ఈ గదిలో చదివే ఆఖరి పుస్తకం ఇదే. మిషన్లు వచ్చేలోగా దీన్ని చివరి మాట దాకా చదివి తీరాలని పంతం పట్టాను.

ఆఖరి అధ్యాయాన్ని అమ్మ నల్లదారంతో కుట్టేసింది కదా. "ఇద్దరూ పక్కపక్కన కూర్చుని విప్పండి, ఒక్కరే విప్పకండి" అంది కదా. అందుకని నువ్వు రావాలి. ఎప్పుడొస్తావో రాయి.

అక్క


బడి లైబ్రరీ,
యూనిట్ పరీక్షల ముందు

అక్కకి,

నీ ఉత్తరం అందింది. నేను బాగానే ఉన్నాను. జలుబు చేసి తగ్గింది.

నువ్వు ఆ పుస్తకాన్ని పనిచేసే చోటికి తీసుకెళ్ళావంటే ఆశ్చర్యంగా ఉంది. మనవలున్న ఆడవాళ్ళు నడిచే పడవ కథ వింటారా? నీ ముందు ఊఁ కొట్టి వెనక నవ్వుకుంటారేమోనని నా భయం. మా బడిలో ఐదో తరగతి దాటిన పిల్లలకే అలాంటివి ఇవ్వడం మానేస్తాం. ఏ వయసుకు తగ్గ పుస్తకం ఆ వయసుకు అని అరలు విడివిడిగా పెట్టుకున్నాం. మీవాళ్ళకి పనికొచ్చేది ఏదైనా నేను చూసి పంపుతాను.

రావడం మాత్రం కుదరదు. పుస్తకాల తనిఖీ ఉంది. చిరిగినవి, పోయినవి, అట్టలూడినవి అన్నీ నేనే చూడాలి. అయినా ఆ ఆఖరి అధ్యాయం కోసం ఇంత పట్టు దేనికి? నది తిరిగొచ్చింది, అందరూ సుఖంగా ఉన్నారు అని చెప్పేయి. వాళ్ళు నమ్ముతారు.

చలిగాలికి తిరగకు.

నీ చెల్లెలు


గొడుగుల గది,
ముసురు పట్టిన మంగళవారం

పిచ్చుకా,

అబద్ధం చెప్పేయమంటావా? చేతుల్లో సూదులున్న ముప్పై మంది ఆడవాళ్ళకా? నీకు అక్క మీద బొత్తిగా ప్రేమ లేదు.

నవ్వుకుంటారేమో అన్నావు. నవ్వుతారు, ఎందుకు నవ్వరు. పడవ కాసేపు నడిచి "అబ్బా, మోకాళ్ళు" అని కూలబడుతుంది చూడు, మోకాళ్ళే లేకపోయినా. మా ఉంగరాల జుట్టు పిల్లకి ఇరవై నిండలేదు, అది విని బల్ల మీద తలపెట్టి మరీ నవ్వింది. ఆ పేజీకే మా కళ్ళజోడావిడ కుట్టడం ఆపేసి, "మా ఆయనా అంతే, చివరి ఏడాదంతా లేని కాలు నొప్పి అనేవాడు" అంది. ఆయన కాలు తీసేశారట. ఇన్నేళ్ళు పక్కన కూర్చున్నాం, నాకు ఆ సంగతే తెలియదు.

మొన్న దొర బీరువా దగ్గరికి వచ్చాం. అందులో మడిచిన దారులు, మడిచిన సాయంత్రాలు, మడిచిన పోట్లాటలు ఉంటాయి కదా. సాయంత్రాల అర గురించి పెద్దావిడ నాతో రెండోసారి చదివించుకుంది. "నాకూ రెండు సాయంత్రాలు దొరికితే అలాగే మడిచి పెట్టుకుందును" అంది. ఉంగరాల జుట్టు పిల్ల మాత్రం పోట్లాటల అర దగ్గరే ఆగిపోయింది. అన్నతో మాట్లాడి చాలా రోజులైందట. సాయంత్రం మెట్ల మీద నిలబడి ఫోన్ చేస్తుంటే చూశాను.

ఒకటే పేజీ, అవే మాటలు. ఒకరు నవ్విన చోట ఇంకొకరు కళ్ళు తుడుచుకుంటున్నారు. నువ్వేమో వయసుకో అర పెట్టి బిళ్ళలు అంటించావు. నా సంగతే చూడు. చిన్నప్పుడు నేను ఎప్పుడూ ఆ పిల్లనే. దొర మీదికి నేనే వెళ్ళేదాన్ని, పడవని నేనే అదిలించేదాన్ని. ఇప్పుడు ఆ పిల్ల ముందుకు పోతోంది, నేను ఒడ్డున నిలబడ్డ తల్లి దగ్గరే ఆగిపోతున్నాను. బయల్దేరేటప్పుడు తల్లి "చెప్పులు తడుపుకోకు" అంటుంది కదా. నదే లేదు, తడవడానికి ఏముందని మనం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. అమ్మ కూడా మనతో పాటు నవ్వేది. ఆ రోజు అది చదువుతూ మధ్యలో ఆగాల్సి వచ్చింది. మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాను.

మేస్త్రి ఊచలు లెక్కపెట్టే వంకతో రోజూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడుతున్నాడు. నిన్న నోరు తెరిచి, "ఇది పిల్లల పుస్తకం కదండీ, మీకెందుకు?" అన్నాడు. "పిల్లలదే. మీరు ఎప్పుడైనా పిల్లాడిగా ఉన్నారా, మీసాలతోనే పుట్టారా?" అన్నాను. గదంతా గొల్లుమంది. ఆయన పోలేదు. గుమ్మం దగ్గరే స్టూలు వేసుకున్నాడు.

తనిఖీ ఎప్పుడు అయిపోతుందో రాయి. రావడం కుదరకపోతే, "అక్కా, నువ్వే విప్పు" అని ఒక్క ముక్క రాయి. నీ మాట లేకుండా నేను కత్తెర ముట్టుకోను.

అక్క


బడి లైబ్రరీ,
తనిఖీ రోజులు

అక్కకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వాళ్ళు వింటున్నందుకు సంతోషమే. నేను అన్నది తప్పే అనుకో.

కానీ ఆ దారం విప్పవద్దు. ఇద్దరం కలిసి అని అమ్మ చెప్పింది. ఒకరి మాట తీసుకుని ఇంకొకరు విప్పమని చెప్పలేదు. అమ్మ మాట కాదనడం నాకు ఇష్టం లేదు. నేను వచ్చే ఏడాది సెలవుల్లో వస్తాను, అప్పుడు చూద్దాం.

మిషన్ల గురించి నువ్వు మరీ కంగారు పడుతున్నావు. మిషన్లు వచ్చినా భోజనాల వేళ ఆపుతారు కదా. అప్పుడు చదువుకోవచ్చు. ఇంకో పుస్తకం చదువుకోవచ్చు. దీన్ని బీరువా తెరిచిన చోట ఆపేస్తే ఏం నష్టం? పిల్ల నది మూల పట్టుకుని లాగింది, నది మెట్ల మీదుగా జారుకుంటూ కిందికి పోయింది, అదే మంచి ముగింపు. అమ్మ అక్కడే ఆపేది. మనకి అప్పుడు ఏ లోటూ అనిపించలేదు.

నా తలనొప్పి మళ్ళీ మొదలైంది. ఎక్కువ రాయలేను.

నీ చెల్లెలు


గొడుగుల గది,
తెరపి ఇచ్చిన శుక్రవారం

ఏమే,

నేను గొడుగులు కుడతాను కానీ, నువ్వు నాకు టోపీ పెట్టలేవు.

నీ పెళ్ళైన కొత్తలో పుస్తకం పట్టుకుని మీ ఇంటికి వచ్చాను. విప్పుదామా అంటే తలనొప్పి అన్నావు. నాన్న పోయినప్పుడు ఇద్దరం ఒకే గదిలో పడుకున్నాం, పుస్తకం కిటికీలోనే ఉంది. కత్తెర కనపడట్లేదు అన్నావు. కత్తెర నీ ఒళ్ళోనే ఉంది. నీకు దుఃఖంగా ఉందేమోలే అని ఊరుకున్నాను. ఇప్పుడు మళ్ళీ తలనొప్పి. అమ్మ మాట అంటున్నావు. అమ్మ చెప్పిన ఏ మాట నువ్వు ఇంత గట్టిగా పట్టుకున్నావు? తలకి నూనె రాసుకోమంటే ఊరంతా పరిగెత్తించేదానివి.

నువ్వు నా దగ్గర ఏదో దాస్తున్నావు. తిట్టను. ఏమిటో రాసేయి.

మిషన్లు వచ్చేశాయి. పెట్టెల్లో ఉన్నాయి, కింద వరండాలో గోడ పొడుగునా. బిగించే మనిషి ఈ సోమవారం కాక పై సోమవారం వస్తాడట. భోజనాల వేళ చదవొచ్చు అన్నావు. మిషన్ పని వచ్చాక భోజనం కూడా విడతలవారీగానే, పది మంది తింటుంటే ఇరవై మంది తిప్పుతుంటారు. ఈ గదిలో ముప్పై మంది ఒకే మాట వినే రోజులు అయిపోయాయి. అందుకే ఒత్తిడి చేస్తున్నాను. నా సరదా కోసం కాదు. పెద్దావిడ పోయిన వారం జ్వరంలో కూడా వచ్చింది, ఆ పిల్ల నది పట్టుకుని ఇంటికి ఎలా వెళ్తుందో వినకపోతే నిద్ర పట్టదని.

మధ్యలో ఆపేస్తే ఏం నష్టం అన్నావు. నువ్వు లైబ్రరీలో కూర్చుని రాసిన మాటేనా ఇది?

తిరుగు టపాలో జవాబు రాయి.

అక్క


బడి లైబ్రరీ

అక్కా,

సరే, రాస్తున్నాను.

ఆ అధ్యాయం నేను చదివాను. పదహారేళ్ళప్పుడు, ఈ బడి హాస్టల్లో ఉన్నప్పుడు. ఇదే లైబ్రరీలో ఆ పుస్తకం ఇంకో ప్రతి ఉంది. ఏ దారమూ లేదు, పేజీలు మామూలుగా తెరుచుకుంటున్నాయి. రెండు ర్యాకుల మధ్య నేల మీద కూర్చుని ఆఖరి అధ్యాయం తెరిచాను. కొంత దూరం చదివి మూసేశాను. ఆ రోజు నుంచి ఆ పుస్తకాన్ని ముట్టుకోలేదు. నేను ఇక్కడే ఉద్యోగంలో చేరాక దాన్ని పై అరలో, స్టూలు వేసుకున్నా అందని చోట పెట్టాను. పిల్లలు అడిగితే పోయింది అని చెబుతున్నాను. పోయినవాటి లెక్క చూసే మనిషిని నేనే కాబట్టి ఎవరూ అడగరు.

నీకు ఎందుకు చెప్పలేదంటే, నువ్వు అమ్మని అలా నవ్వుతున్న మనిషిగానే గుర్తుపెట్టుకున్నావు. దాన్ని చెడగొట్టడం ఇష్టం లేకపోయింది.

తను ఇంక ఎన్నాళ్ళో ఉండదని అమ్మకి తెలుసక్కా. ఆ పేజీలు కుట్టిన నాటికే తెలుసు. పెద్దాసుపత్రి నుంచి వచ్చాక కుట్టింది, నాకు బాగా గుర్తు, చేతికి ఇంకా దూది అంటించి ఉంది. మనకి ఒక్క మాట చెప్పలేదు. మనం అడిగితే నీరసం అంది. చెప్పి ఉంటే ఆ కొన్ని నెలలు నేను ఆటలకి పోయేదాన్ని కాదు. మంచం దగ్గరే కూర్చునేదాన్ని. ఆ అధ్యాయంలో ఉన్నది మనకి కనపడకూడదని కుట్టేసి, వీధిలోకి ఆడుకోమని పంపింది. ఆ కోపం నాకు ఇంతవరకూ పోలేదు. పోతుందనీ అనుకోను.

నువ్వు పట్టిన పట్టు వదలవు. కనీసం ఒక పని చేయి. పెద్దావిడ దగ్గర తాళం చెవి అడిగి, పుస్తకం ఇంటికి తెచ్చుకుని, ముందు ఒక్కదానివే చదువుకో. అంతమంది ముందు మొదటిసారి చదవకు. కావాలంటే అందులో ఏముందో నేనే రాసి పంపుతాను.

పిచ్చుక


గొడుగుల గది,
బుధవారం

పిచ్చుకా,

రాయకు. ఏముందో రాసిన ఉత్తరం వస్తే విప్పకుండా పొయ్యిలో పెట్టేస్తాను.

నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం తినలేదు. నీకు అప్పుడు ఎనిమిదేళ్ళు. నాకు పదకొండు. నేనూ ఆటలకే పోయాను. ఆ సంగతి మనం మాట్లాడుకుందాం, ఉత్తరాల్లో కాదు.

తాళం చెవి అడగను. ముందుగా చదవనని మాటిచ్చాను. ముప్పై మందికి ఏది తెలుస్తుందో, ఎప్పుడు తెలుస్తుందో, నాకూ అప్పుడే తెలియాలి. నా గొంతు ఆగితే ఆగుతుంది. వీళ్ళు నా గొంతు వినడానికి రావడం లేదు, ఆ పిల్ల ఇంటికి చేరడం వినడానికి వస్తున్నారు.

శనివారం మధ్యాహ్నం చదువుతున్నాను. శుక్రవారం టపాకి నీ జవాబు రావాలి. విప్పమంటావా, వద్దంటావా? వద్దంటే విప్పను. ఒట్టు. వాళ్ళకి ఏదో ఒకటి చెప్పుకుంటాను. కానీ వద్దనేముందు ఒక్కసారి ఆలోచించు.

అక్క


బడి లైబ్రరీ

అక్కా,

విప్పు.

పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకో.

పిచ్చుక


మన ఇల్లు,
ఆదివారం

పిచ్చుకా,

చదివాను. మొదటి నుంచి చెబుతాను, మధ్యలో లేచిపోకుండా చదువు.

శనివారం భోజనాలయ్యాక పెద్దావిడ అల్మరా తీసింది. పుస్తకం బల్ల మీద పెడితే అందరూ లేచి వచ్చి ముందు ఆ కుట్లు చూశారు. కుట్టుపని చేసేవాళ్ళ కళ్ళు వేరు. "ఎవరమ్మా కుట్టింది? కాగితానికి ఎక్కడా చిరుగు పడలేదు. అంచు వదిలి, మాట మీద సూది పడకుండా కుట్టారు" అంది కళ్ళజోడావిడ. మా అమ్మ అన్నాను. అందరూ ఒకరి తర్వాత ఒకరు వేలితో తడిమి వెళ్ళి కూర్చున్నారు. ఒక్కో కుట్టూ నేనే కోశాను. నా పక్కన పెద్దావిడ కూర్చుంది. నువ్వు చెప్పావని కాదు, ఆవిడే స్టూలు లాక్కుంది.

మొదట అంతా బాగానే ఉంది. నది ముందు, పడవ వెనక. నీళ్ళలోకి దిగాక పడవ మాట్లాడటం మానేస్తుంది కదా. ఉంగరాల జుట్టు పిల్ల "అదేంటి, ఇంక మాట్లాడదా?" అంది. "నీళ్ళలో ఉన్న పడవకి మాటలతో పనేముంది, ఊరుకో" అన్నారెవరో. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. తర్వాత రేవు వచ్చింది. రేవులో తల్లి లేదు. పక్కింటావిడ వచ్చి, "మీ అమ్మ లేదు తల్లీ, మూడు రోజులైంది" అంది.

అక్కడ ఆగిపోయాను. నువ్వు ఆగింది కూడా అక్కడే అనుకుంటాను. అక్షరాలు కనపడటం మానేశాయి. ఎవరూ కుట్టడం లేదు. ఎవరో నీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టారు. నాకు పుస్తకం మూసేసి ఇంటికి వచ్చేయాలనిపించింది. మూయబోయాను కూడా.

పెద్దావిడ నా మణికట్టు పట్టుకుంది. "ఆపకమ్మా. ఆ పిల్ల రేవులో ఒక్కతే నిలబడి ఉంది. అక్కడే వదిలేసి పోతావా?" అంది.

పేజీ తిప్పాను. ఆ పేజీ నువ్వు తిప్పలేదని నాకు తెలుసు. తిప్పి ఉంటే నాకు ఆ ఉత్తరం రాసేదానివి కాదు. ఏముందో విను. ఆఖరి సాయంత్రం తల్లి కిటికీ తెరవమంటుంది. ఎండిపోయిన రాళ్ళ మధ్య చప్పుడు మొదలవుతుంది. అది నీరని ఎవరికీ తెలియదు, అందరూ గాలి అంటారు. తల్లి మాత్రం, "గాలి కాదు, మా అమ్మాయి వస్తోంది. చెప్పులు తడిపేసుకుని ఉంటుంది, పొడి బట్ట ఒకటి రేవులో పెట్టండి" అంటుంది. పక్కింటావిడ ఆ బట్ట తెచ్చి పిల్లకి ఇస్తుంది. పిల్ల కాళ్ళు తుడుచుకుంటుంది. ఏడుస్తుంది, చాలాసేపు. అవతలి ఒడ్డు నుంచి ఎవరో "పడవా" అని కేక వేస్తారు. పిల్ల తెడ్డు తీసుకుంటుంది. అంతే కథ.

పుస్తకం మూశాను. తర్వాత ఒక్కసారి అందరూ మాట్లాడారు. ఉంగరాల జుట్టు పిల్ల, తల్లిని చూడనివ్వకుండా రాయడం అన్యాయం అని దెబ్బలాడింది. కళ్ళజోడావిడ, పోయేముందు ఒక మంచి కబురు చెవిన పడితే చాలు, మా ఆయనకి అదీ లేదు అంది. పెద్దావిడ, "ఆ తల్లికి ఏం తక్కువైంది? కూతురు గెలిచిందని వినే పోయింది" అంది. మేస్త్రి కళ్ళు తుడుచుకుని, బిగించే మనిషిని మంగళవారం రమ్మన్నానని, సోమవారం కావాలంటే ఆ అధ్యాయం ఇంకోసారి చదువుకోమని చెప్పి నడుము పట్టుకుని వెళ్ళిపోయాడు. మంగళవారం నుంచి మిషన్లు. సరే. మా పని మేము పూర్తి చేసుకున్నాం.

ఇక నీ సంగతి. అమ్మ దాచింది అన్నావు. దాచాలనుకున్న మనిషి ఆ పేజీలు చింపి పొయ్యిలో వేసేది. కుట్టింది అంటే ఎప్పుడో ఒకప్పుడు విప్పమనే కదా. కుట్టేముందు చివరిదాకా చదివే ఉంటుంది. అమ్మకి ఆ కిటికీ తెలుసు, ఆ పొడి బట్ట తెలుసు. ఇద్దరూ పక్కపక్కన అని ఎందుకు అందంటే, "మీ అమ్మ లేదు" అన్న చోట మనలో ఎవరూ ఒంటరిగా ఉండకూడదని. పేజీ తిప్పడానికి రెండో మనిషి ఉండాలని. నాకు పెద్దావిడ ఉంది. పదహారేళ్ళ నీకు రెండు ర్యాకుల మధ్య ఎవరున్నారు? నేను వేరే ఊళ్ళో ఉన్నాను.

నువ్వు ఆ పిల్లని ఇన్నేళ్ళుగా రేవులోనే నిలబెట్టేశావు. స్టూలు మీద బల్ల వేసి ఎక్కు. పుస్తకం కిందికి దింపు. పేజీ తిప్పు.

అక్క


బడి లైబ్రరీ,
పరీక్షల ఆఖరి రోజు

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజు పుస్తకం దింపలేదు. మర్నాడూ దింపలేదు. ఏముందో నువ్వు చెప్పేశావు కదా, ఇంక చదవడం దేనికి అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఈ రోజు పరీక్ష అయ్యాక బడి నిచ్చెన తెప్పించి ఎక్కాను.

నేల మీద కూర్చోలేదు. నా కుర్చీలో, కిటికీ తెరిచి కూర్చుని, ఆఖరి అధ్యాయం మొదటి నుంచి చదివాను. పదహారేళ్ళప్పుడు నేను చూసింది ఆ పిల్లని ఒక్కదాన్నే. తల్లి అంటే ఇంట్లో ఉండాల్సిన మనిషి, లేకుండా పోవడం ఆవిడ తప్పు, అంతే అనుకున్నాను. ఈ రోజు పిల్ల కంటే ముందు తల్లే కనిపించింది. మంచం మీద పడుకుని చెవులు రిక్కించుకుని వింటున్న మనిషి. పైకి నిబ్బరంగా ఉంది, లోపల ఎంత భయపడిందో పుస్తకంలో రాయలేదు. రాయకపోయినా నాకు తెలిసింది.

అక్కా, అమ్మకి అప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. మా బడిలో కొత్తగా చేరిన లెక్కల టీచర్ వయసు. ఆ అమ్మాయి నిన్న హెడ్మాస్టర్ కోప్పడ్డాడని నా దగ్గరకు వచ్చి ఏడ్చింది, నేను భుజం తట్టి టీ తాగించాను. అమ్మ ఆ వయసులో ఆసుపత్రి నుంచి ఒక్కతే నడిచి వచ్చి, ఆ కబురు కడుపులో పెట్టుకుని, మాట మీద సూది పడకుండా అన్ని కుట్లు కుట్టింది. నాన్నకైనా చెప్పిందో లేదో. భుజం తట్టడానికి ఎవరున్నారు? ఇన్నేళ్ళు నాకు ఎందుకు చెప్పలేదని కోప్పడ్డాను. ఎనిమిదేళ్ళ పిల్లకి ఏమని చెబుతుంది? ఇప్పుడు నేను అప్పటి అమ్మ కంటే పెద్దదాన్ని. నాకు ఎదురైతే ఇంకేమీ అడగను. దగ్గరకు తీసుకుంటాను.

పుస్తకం మళ్ళీ పైకి ఎక్కించలేదు. బల్ల మీద పెట్టి ముఖం కడుక్కుని వచ్చేసరికి ఏడో తరగతి పిల్ల ఒకతి దాన్ని తెరిచి, పడవ మోకాళ్ళ దగ్గర నవ్వుతోంది. ఐదో తరగతి దాటిందని నేను ఏమీ అనలేదు. ఇంటికి ఇచ్చేశాను.

నేను ఆదివారం బండికి వస్తున్నాను. సెలవు పెట్టేశాను. ఆ అధ్యాయం నువ్వు నాకు గట్టిగా చదివి వినిపించాలి, నేను నీ పక్కన కూర్చుని వినాలి. ఒక్కదాన్నే చదువుకున్నది చాలక్కా.

పిచ్చుక